మొహం కడుక్కున్న కార్ఖానా

మా చిన్నాన్న పోయారని పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది. ఏడవలేదు. "ఆయన డబ్బాలన్నీ అటక మీదే ఉన్నాయి. ఎలకలు కొట్టకముందే వచ్చి తీసుకుపో" అంది. డబ్బాల నిండా మూతపడ్డ కార్ఖానాల ఫోటోలు.

మీలో ఎవరూ ఆయన పేరు విని ఉండరు. ఏలూరు వైపు నుంచి రాయపూర్ వచ్చి, రైల్వేలో గుమస్తాగా చేశారు. సెలవు దొరికితే చాలు, కెమెరా మెడలో వేసుకుని సైకిల్ మీద పాడుబడ్డ రైసు మిల్లులు, వడ్రంగి షెడ్లు వెతుక్కుంటూ పోయేవారు. "పెళ్ళికి పిలిస్తే కదలరు, పాత మిల్లుకి పిలవకపోయినా పరిగెడతారు" అని పిన్ని దెప్పేది. ఆయన ఫోటోల్లో మనుషులుండరు. తుప్పు, బూజు, చిల్లుపడ్డ రేకుల్లోంచి పడే ఎండ, అంతే. ఎందుకని అడిగితే, "మనిషి ఉంటే అందరూ మనిషినే చూస్తారమ్మా. పని ఆగిపోయిన చోటుని ఎవరు చూస్తారు?" అనేవారు.

ఇక్కడ మూతపడ్డ షెడ్లకి కూడా విశ్వకర్మ పూజనాడు తాళం తీస్తారు. పాత పనివాళ్ళు వచ్చి, ఆగిపోయిన యంత్రాలకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి వెళతారు. ఏటా ఆ రోజు చిన్నాన్న ఏదో ఒక షెడ్డులో ఉండేవారు. "వాళ్ళ పూజకి నీకేం పనయ్యా?" అని మా చర్చి పెద్ద ఒకాయన నిలదీశారు. "పూజకి కాదండీ, తలుపుకి వెళుతున్నాను. ఆ రోజే తీస్తారు" అన్నారీయన. వాళ్ళు పెట్టిన బూందీ మాత్రం జేబులో పోసుకుని వచ్చేవారు.

స్టేషన్ అవతల ఒక ఇనప సామాన్ల కార్ఖానా కోసం చాలా ఏళ్ళు కాచుకున్నారు. యజమాని రానిచ్చేవాడు కాదు. చివరికి అది అమ్ముడుపోయింది. పూజ మర్నాడే యంత్రాలన్నీ తుక్కు కింద ఊరవతల సిల్తారాలో ఇనుము కరిగించే కొలిమికి పోతాయన్నారు. ఆ ఒక్కరోజుకి అనుమతి దొరికింది. అన్నేళ్ళ దుమ్ముతో, ఉన్నది ఉన్నట్టుగా కావాలి ఆయనకి. ఆఫీసుకి సెలవు పెట్టి నేనూ వెళ్ళాను.

లోపల అడుగుపెట్టి ఇద్దరం ఆగిపోయాం. నేల కడిగి ఉంది. బూజన్నది లేదు. లేతు మెషిన్లు నూనె పట్టించి నిగనిగలాడుతున్నాయి. చక్రాలకి బంతిపూల దండలు. ఫోటో తీస్తారని తెలిసి ఆ యంత్రాల మీద పనిచేసిన పాత మిస్త్రీలందరూ పొద్దున్నే వచ్చి తోమేశారట. చిన్నాన్న మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

"ఇదంతా ఎందుకు చేశారు భాయీ?" అన్నారు మెల్లిగా.

పెద్ద మిస్త్రీకి ఆ ప్రశ్నే వింతగా తోచింది. "ఫోటో అన్నారు కదా సాహబ్. మొహం కడుక్కోకుండా ఎవరైనా ఫోటో దిగుతారా?"

చిన్నాన్న కెమెరా మూత విప్పారు. ఒక్కో యంత్రాన్నీ పెళ్ళికూతురిని తీసినంత ఓపికగా తీశారు. మిస్త్రీలు పక్కకి తప్పుకోబోతే, "ఉండండి, ఎవరి మెషిన్ దగ్గర వాళ్ళు నిలబడండి" అన్నారు. ఆ మాట ఆయన నోట అంతకు ముందెప్పుడూ వినలేదు నేను. ఆయనంటే నాకు అభిమానం ఎక్కువైంది ఆ పూటే.

రీలు అయిపోయింది. కెమెరా సంచిలో పెట్టుకుని అందరం బయటికి వచ్చేశాం. పెద్ద మిస్త్రీ ఒక్కడూ వెనక ఆగి, రోజూ పని అయ్యాక ఆపినట్టే గోడకున్న మెయిన్ స్విచ్ కిందికి లాగాడు. ఆ షెడ్డుకి కరెంటు తీసేసి ఏళ్ళయింది. చిన్నాన్న చెయ్యి సంచి మీదికి పోయి, అక్కడే ఉండిపోయింది. ఒకప్పుడు తిరిగే బెల్టులు ఆగడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపూ లోపల మిస్త్రీ, గుమ్మంలో చిన్నాన్న, అలాగే నిలబడ్డారు.