శంకుస్థాపనలకు సామాను ఇవ్వబడదు

మా మావయ్య పోయారు. అమ్మకు ఆఖరి తమ్ముడు. పోయిన నెలలో ఒక ఉదయం, పక్క వీధిలో ఓణీల ఫంక్షనుకు షామియానా కట్టిస్తుండగా గుండెనొప్పి వచ్చింది. పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో ప్రాణం పోయింది. మొగల్తూరు అవతల, సముద్రం వైపు ఊళ్ళలో మీరెప్పుడైనా పెళ్ళి భోజనం చేసి ఉంటే, లేదా ఎవరి దినానికైనా వెళ్ళి ఉంటే, మీరు కూర్చున్న కుర్చీ ఆయనదే అయి ఉంటుంది. కుర్చీ వెనక తెల్లరంగుతో రాసిన పేరు మీకు గుర్తుండదు. దాన్ని ఎవరూ చదవరు.

ఆయనది టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, సరుగుడు కర్రలు, మైకు సెట్టు. పెళ్ళికి రంగులది, చావుకి తెల్లది. ముప్పై ఏళ్ళు పైగా అదే పని చేశారు. అన్నేళ్ళలో తన కుర్చీలో తాను కూర్చోగా నేను చూడలేదు. పని అయ్యేదాకా నిలబడే ఉండేవారు, మరీ కాళ్ళు లాగితే గోడవారన గొంతుక్కూర్చునేవారు. ఎందుకలా అని అడిగితే, "నేను కూర్చుంటే ఒక చుట్టం నిలబడాల్రా" అనేవారు. పెళ్ళివారింట్లో ఆఖరి బంతిలో తినేవారు. చావింట్లో మంచినీళ్ళు కూడా తాగేవారు కాదు. చెప్పకుండా వచ్చేవారు, చెప్పకుండా వెళ్ళేవారు.

ఆయన మాట తీరు గురించి చెప్పాలి. మావైపు అండి, గారు లేకుండా ఎవరూ మాట్లాడరు. మావయ్య అలా కాదు. ఇష్టమైనవాళ్ళని ఒరేయ్ అనేవారు, ఏమే అనేవారు. చులకన ఉన్నవాళ్ళకే అండీలు పడేవి. ఎంత చులకనైతే అన్ని అండీలు. ఒకసారి రెవెన్యూ ఆఫీసులో ఒక గుమాస్తాతో ఆయన మాట్లాడుతుంటే విని, బయటికి వచ్చాక, "పాపం ఆయన్ని అంతలా తిట్టావేంటి మావయ్యా" అన్నాను. ఆ గుమాస్తా మాత్రం చాలా మర్యాదస్తుడని ఆయన్ని అందరి దగ్గరా మెచ్చుకున్నాడట.

మా మండలానికి ముప్పై పడకల ఆసుపత్రి మంజూరైందని విన్నప్పుడు మావయ్య నిజంగానే సంతోషించారు. అత్తయ్యకు ఆయాసం. పిల్లల్లేరు, ఇద్దరే మనుషులు. చలికాలం వచ్చిందంటే నెలకోసారైనా ఆవిణ్ణి ఆటోలో గంటసేపు కూర్చోబెట్టుకుని పట్నం వెళ్ళాల్సి వచ్చేది. "ఇంక మీ అత్తని ఆ గతుకుల్లో తిప్పక్కర్లేదురా" అన్నారు. శంకుస్థాపనకి ఉన్నవాటిలో కొత్త షామియానా తీసి కట్టారు.

స్థలం ఊరికి తూర్పున, డ్రైను పక్కన పల్లపు నేల. వానాకాలం మోకాల్లోతు నీళ్ళు నిలుస్తాయి. ఎవరికీ పనికిరాని చోటు కాబట్టి రోగులకి పనికొస్తుందని పెద్దలు తేల్చారు. మెరక చెయ్యడానికే వచ్చిన నిధుల్లో సగం అయిపోయాయి. ఆ మెరక ఒక్క వానాకాలానికి దిగబడింది. ఈలోగా ప్రభుత్వం మారింది. పాత డిజైను బాగోలేదని కొత్తవాళ్ళు ఇంకో రాయి వేశారు. మావయ్య మళ్ళీ షామియానా కట్టారు. రెండు రాళ్ళూ మాటల్లేని వియ్యంకుల్లా పక్కపక్కనే నిలబడ్డాయి.

ఆ తర్వాత స్తంభాలు లేచాయి, ఒక శ్లాబు పడింది. అక్కడితో ఆగింది. బిల్లులు రాలేదని కాంట్రాక్టరు కాంక్రీటు మిషను పట్టుకుపోయాడు. ఒక ఏడాది నిధులు రాలేదన్నారు. ఒక ఏడాది వచ్చాయిగాని వేరే పనికి మళ్ళాయన్నారు. ఇంకో ఏడాది వచ్చి వెనక్కి పోయాయన్నారు. మా ఊరి బస్సుకి కూడా అన్ని ట్రిప్పులు లేవు. శ్లాబు మీద రైతులు ధాన్యం ఆరబోసుకున్నారు, జాలరిపేట ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకున్నారు. ఈ ఆసుపత్రి వల్ల ఎవరికీ ఉపయోగం లేదని మాత్రం అనలేం.

ఒకసారి ఇంజినీరుగారు చూడ్డానికి వచ్చారు. కారు దిగలేదు, బురదగా ఉందని. మావయ్య అటే వెళ్తూ సైకిలు ఆపి, ఎప్పటికవుతుందండి అని అడిగారు.

"ఫేజులవారీగా వస్తుందండి. ఇది ఫేజ్ వన్."

"మంచిదండి. మా ఆవిడకి ఆయాసం కూడా ఫేజులవారీగా రమ్మని చెబుతానండి."

ఇంజినీరుగారు తలూపి అద్దం ఎత్తుకున్నారు.

ఊళ్ళో రెండు గదుల పాత ఆసుపత్రి ఒకటుంది. దానికి ఆక్సిజన్ సిలిండరు కావాలని అక్కడి నర్సమ్మ ఎన్నోసార్లు రాసింది. కొత్త బిల్డింగు వస్తోంది కదా, పాతదానికి సామాను ఎందుకని పైనుంచి జవాబు. రాబోయే ఆసుపత్రి ఉన్న ఆసుపత్రిని ఇలా చంపింది. నేను చెబుతున్నది విడ్డూరంగా ఉంటే ఉండొచ్చు. మా దగ్గర అది ఆఫీసు పద్ధతి.

ఆ రోజుల్లోనే మావయ్య అప్పు చేసి ఫ్రీజర్ బాక్సు కొన్నారు. చనిపోయినవాళ్ళని చుట్టాలొచ్చేదాకా ఉంచే అద్దాల పెట్టె. మా ఊళ్ళలో చాలా ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు కువైట్ వెళ్ళి పనులు చేసుకుంటున్నారు. వాళ్ళు రావడానికి రెండ్రోజులైనా పడుతుంది. కాబట్టి దానికి గిరాకీ ఉంది. టీ కొట్టు దగ్గర ఎవరో ఆసుపత్రి మాట ఎత్తితే మావయ్య అన్నారు: "ముప్పై మంచాలిస్తామన్నారండి వాళ్ళు. ఈ మండలానికి ఇప్పటిదాకా వచ్చింది ఒక్కటేనండి, ఏసీతో సహా. అదీ నాదేనండి."

అందరూ నవ్వారు. గోదావరి జిల్లాల వెటకారమని మెచ్చుకున్నారు. ఆయన నవ్వలేదు.

మూడేళ్ళ కిందట, ముసురు పట్టిన ఒక సాయంత్రం అత్తయ్యకి ఊపిరి అందలేదు. పాత ఆసుపత్రిలో నర్సమ్మ ఉంది, సిలిండరు లేదు. ఆటోలో బయల్దేరారు. సగం దారిలో, కాలవ వంతెన దాటాక, ఆవిడ తల మావయ్య భుజం మీద బరువుగా ఆనింది. ఆయన వెంటనే ఆటో తిప్పమనలేదు. కాసేపు అలాగే ముందుకి పోనిచ్చి, తర్వాత తిప్పమన్నారు.

ఆ రోజు ఫ్రీజర్ బాక్సు ఇంకో ఊళ్ళో ఉంది. తెప్పిస్తామని కుర్రాళ్ళు మోటారుసైకిళ్ళు తీశారు. మావయ్య ఒప్పుకోలేదు. "అక్కడ పోయినావిడ కూతురు కువైట్ నుంచి రావాలి. తల్లిని చూసుకోవాలి కదా. ఉండనివ్వండ్రా." జాలరిపేటవాళ్ళు రొయ్యలకి వాడే ఐసు దిమ్మలు ఫ్యాక్టరీ నుంచి తెచ్చి, రంపప్పొట్టు వేసి, అత్తయ్య చుట్టూ పేర్చారు. తెల్లారేదాకా ఆ నీళ్ళు గుమ్మంలోంచి వీధిలోకి పారుతూనే ఉన్నాయి. సామాను కడగడానికి వచ్చే ఆవిడ చీపురుతో ఆ నీళ్ళని తోస్తూ కూర్చుంది. ఆవిడదీ జాలరిపేటే. అత్తయ్యకి బాగా చేరిక.

ఆ నెలలోనే, దినం అయి ఎన్నో రోజులు కాకముందు, మా మండల నాయకుడు వచ్చాడు. మావయ్యని బాబాయ్ అంటాడు. అందరినీ బాబాయ్ అనే అంటాడు. అప్పుడు నేనక్కడే ఉన్నాను.

"బాబాయ్, గురువారం మంత్రిగారొస్తున్నారు. పెద్ద షామియానా, కుర్చీలు, మైకు. నీకు చెప్పక్కర్లేదనుకో."

"ఏం కార్యక్రమమండి?"

"మన ఆసుపత్రిదే."

"శంకుస్థాపనాండి?"

"అబ్బే, పునఃప్రారంభం. పనులు మళ్ళీ మొదలెడుతున్నాం."

"అంటే ఆగిపోయిందని ఒప్పుకున్నట్టేనాండి?"

"నీకు వెటకారం ఎక్కువ బాబాయ్."

"లేదండి. చిన్న వ్యాపారినండి. పెళ్ళికి సామానిస్తానండి, పెళ్ళయిపోతుందండి. చావుకిస్తానండి, పోయినవాళ్ళు పోయినట్టే ఉంటారండి. మీ ఒక్క పనికేనండి, రెండుసార్లు ఇచ్చినా జరగలేదు. నా సామాన్లో ఏదో దోషం ఉన్నట్టుందండి. ఈసారి ఇంకెక్కడైనా తెప్పించుకోండి."

నాయకుడి మొహంలో నవ్వు పోయింది. "పెద్దవాళ్ళ కార్యక్రమం. ఆలోచించుకో బాబాయ్. తర్వాత మా పనులేవీ నీకు రావు."

"రావద్దండి. ప్రారంభోత్సవానికి మాత్రం కబురు చెయ్యండి. లోపల డాక్టరు కూర్చుని, మంచం మీద రోగి పడుకున్న రోజున. సామానంతా నాదే. అద్దె అక్కర్లేదండి."

"అప్పటిదాకా ఉంటావా?"

"అదే చూద్దామండి. మీరు ముందో నేను ముందో."

గురువారం షామియానా వేరే ఊరి నుంచి వచ్చింది. మంత్రిగారు కొబ్బరికాయ కొట్టి, మధ్యాహ్న భోజనానికి భీమవరం వెళ్ళిపోయారు. రెండు నెలలు పని జరిగింది. గోడలు కట్టి, రోడ్డు వైపు గోడకి ప్లాస్టరింగు చేసి రంగు వేశారు. మిగతా మూడు గోడలూ రోడ్డు మీద పోయేవాళ్ళకి కనబడవు.

ఆ వారమే మావయ్య కొట్టు బోర్డు మళ్ళీ రాయించారు. పెళ్ళిళ్ళకు, ఓణీల ఫంక్షన్లకు, కర్మలకు సామాను అద్దెకు ఇవ్వబడును. దాని కింద ఎర్రరంగుతో: శంకుస్థాపనలకు సామాను ఇవ్వబడదు. జనం ఆగి ఫొటోలు తీసుకునేవారు. నాయకుడు అన్నంత పనీ చేశాడు. సభలు, సన్మానాలు, పార్టీ పెళ్ళిళ్ళు అన్నీ వేరేవాళ్ళకి వెళ్ళిపోయాయి. కుర్రాళ్ళని సగానికి తగ్గించుకుని, కర్రలు తానే మోశారు.

ఆయన పందెం హాస్యం కాదని నాకు తర్వాత తెలిసింది. ఎన్నో ఏళ్ళుగా కాలుస్తున్న చుట్ట మానేశారు. ఊరగాయ మానేశారు. అత్తయ్య బతికుండగా ఎంత మొత్తుకున్నా వేసుకోని బీపీ మాత్ర పొద్దున్నే వేసుకునేవారు. తర్వాత సైకిలెక్కి ఆ బిల్డింగు దాకా వెళ్ళి చూసొచ్చేవారు. "ఇవాళా ఇసక రాలేదు" అని వచ్చి చెప్పేవారు. ఒకరోజు చప్పిడి పప్పు కలుపుకుంటూ, "వాళ్ళు లేటు చేస్తున్నకొద్దీ నేను పథ్యం చెయ్యాల్సొస్తోందిరా. ఇదెక్కడి న్యాయం" అన్నారు. నేను నవ్వాను. ఆసుపత్రి తెరిచేదాకా బతకాలని ఒక మనిషి రోజూ చప్పిడి తినడం నవ్వాల్సిన విషయం కాదు.

పోయిన నెల ఆ ఉదయం, సామాను కడిగే ఆవిడ మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. చేతులకి ఇంకా బూడిద ఉంది.

"రండి బాబూ, తొందరగా రండి."

"ఏమైంది?"

"ఆయన కుర్చీలో కూర్చున్నారండి."

నేను చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాను.

ఖాళీ పందిట్లో ఒక్క కుర్చీలో, చెమటలు కారుతూ కూర్చుని ఉన్నారు. నర్సమ్మ వచ్చి చూసి ఒక మాత్ర నాలుక కింద పెట్టి, ఇక్కడ ఇంతకంటే ఏమీ లేదు, తీసుకెళ్ళండని చెప్పింది. అంబులెన్సు వచ్చింది. ఊరి తూర్పున రంగు వేసిన గోడ పక్కనుంచే వెళ్ళాం. ఆయన అటు చూడలేదు. నేను చూశాను. "ఒరేయ్, మైకు ఇంకా పంపలేదు. పిల్ల ఫంక్షను. పంపించు" అన్నారు. అదే ఆఖరి మాట.

పెద్ద ఆసుపత్రిలో డాక్టరు మంచివాడే. చెయ్యి పట్టుకు చూసి, "ఒక అరగంట ముందు తెచ్చి ఉంటే" అన్నాడు. అరగంట ముందు తేవాలంటే అరగంట దగ్గర్లో ఆసుపత్రి ఉండాలి. ఉంది. ఆ రోజు దాని మీద చేపలు ఎండుతున్నాయి.

మూడో రోజు మధ్యాహ్నం నాయకుడు పరామర్శకి వచ్చాడు. వెంట నలుగురు మనుషులు, వాళ్ళలో ఒకడు ఫోను పట్టుకుని ఉన్నాడు. ఇంటి ముందు తెల్ల షామియానా కింద ఊరి మనుషులు పాతికమంది దాకా కూర్చుని ఉన్నాం. మావైపు ఎంతటి శత్రువు వచ్చినా, కరెంటు బిల్లు కోసం వచ్చినవాడైనా సరే, నలుగురు లేస్తారు. ఒకరు తువ్వాలుతో కుర్చీ తుడుస్తారు, ఒకరు మంచినీళ్ళకి లోపలికి వెళ్తారు. అది ఎవరూ నేర్పక్కర్లేదు, ఒంట్లోనే ఉంటుంది.

ఆ రోజు ఎవరూ లేవలేదు. ముందుగా అనుకున్నదేమీ కాదు. నా మోకాళ్ళు లేవబోయాయి. పక్కవాళ్ళని చూసి ఆగాను.

నాయకుడు ఫొటోకి దండం పెట్టాడు. అటూ ఇటూ చూశాడు. గొంతు సవరించుకుని అందరికీ వినబడేలా చెప్పాడు. "నిధులు వచ్చేస్తున్నాయి. ఈసారి ఆగేది లేదు. అందులో ఒక వార్డుకి మన బాబాయి పేరు పెట్టిస్తాను. నేను మాటిస్తున్నాను."

చివరి వరసలో కూర్చున్న సామాను కడిగే ఆవిడ తలెత్తింది.

"పేరు తర్వాత పెడుదురుగాని బాబూ. ముందు తలుపులు పెట్టించండి."

ఆవిడ మళ్ళీ తల దించుకుంది. షామియానా నీడ అప్పటికే పడమటి నుంచి జరిగిపోయింది. నాయకుడు నిలబడిన చోట ఎండ పడుతోంది. ఫోను ఎత్తినవాడు మెల్లిగా దించేశాడు. నాయకుడు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు, మడిచాడు, మళ్ళీ తీశాడు. మేమందరం కూర్చునే ఉన్నాం.