పళ్ళెంలో బియ్యం

పొద్దున తొమ్మిదిన్నర. మే నెల ఎండకి ఆత్మకూరు బస్టాండు రోడ్డు మీద తారు అప్పటికే మెత్తబడింది. తిరుపాలు కడుపులో రాత్రి తాగిన గంజి తప్ప ఏమీ లేదు. బియ్యం లారీ ఆలస్యంగా వచ్చింది. అరవై బస్తాలూ దించేదాకా టీ కొట్టు వైపు తల తిప్పడానికి లేదు.

నలభయ్యో బస్తా వీపు మీద పడగానే అతనికి అనుమానం వచ్చింది. పాత బియ్యమైతే మెడ మీద దుమ్ము రాలి దురద పెడుతుంది. ఇది చల్లగా ఉంది. తవుడు వాసన వేస్తోంది. నిన్నో మొన్నో మిల్లు ఆడించిన కొత్త బియ్యం.

సాయంత్రం షాపు వెనక గదిలో ఆ బియ్యాన్నే అయిదు కిలోల ప్లాస్టిక్ సంచుల్లో పోసి మూతులు అంటిస్తున్నారు. తిరుపాలు చదివింది మూడో తరగతి. సంచి మీది అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. పాత మొలగొలుకుల బియ్యం. చదివి ఊరుకున్నాడు. అడిగేవాళ్ళెవరు అతన్ని?

అతనిది ఉదయగిరి. పదహారో ఏట ఆత్మకూరొచ్చి ఇప్పటి సావుకారు రామనారాయణ వాళ్ళ నాయన బియ్యం కొట్లో హమాలీగా చేరాడు. ఇరవై ఎనిమిదేళ్ళయింది. అప్పట్లో బస్తాలు నోళ్ళు తెరుచుకుని వరసగా ఉండేవి. వచ్చినవాళ్ళు చెయ్యి దూర్చి గుప్పెడు తీసి, అరచేతిలో రుద్ది, నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికేవాళ్ళు. పటుక్కుమంటే పాతది. మెత్తగా నలిగి పళ్ళకు అంటుకుంటే కొత్తది. ఆ తర్వాతే బేరం.

పెద్దాయన పోయాక కొడుకు రామనారాయణ మద్రాసులో ఏదో పెద్ద షాపు చూసొచ్చాడు. తొంభై ఎనిమిది ఉగాదికి పాత కొట్టు పడగొట్టి అద్దాల తలుపులతో సూపర్‌మార్కెట్ తెరిచాడు. మీకు కావలసినవి మీరే తీసుకోండి అని బోర్డు. జనం మొదట్లో చెప్పులు బయట విడిచి లోపలికొచ్చేవాళ్ళు. చేతులు కట్టుకుని బిల్లు బల్ల ముందు నిలబడి చీటీ చదివేవాళ్ళు. "నేను తీసుకుంటే దొంగంటారు నాయనా, నువ్వే తీసియ్యి" అంది ఒక అవ్వ. తీసివ్వకూడదని రామనారాయణ హుకుం. లారీ లేని వేళ తలుపు దగ్గర నిలబడి "మీరే తీసుకోండి, మీరే తీసుకోండి" అనడం తిరుపాలు పని. బస్తాలు మోసినా ఇంత అలుపు రాలేదు అతనికి.

బియ్యం దిగి వారం తిరక్కముందే ఎస్తేరమ్మ వచ్చింది. ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. వాళ్ళమ్మ జ్ఞాపకార్థ కూడికలో భోజనాలకని ఇక్కడే అయిదు సంచులు తీసుకుంది. ఇప్పుడు వండకుండా మిగిలిన రెండు సంచులూ, ఒక సత్తు గిన్నే పట్టుకొచ్చింది. గిన్నెను బిల్లు బల్ల మీద బోర్లించి ఎత్తింది. అన్నం గిన్నె ఆకారంలోనే ఇటుకలాగా నిలబడింది.

"చూడండి సావుకారూ, ఇదేనా పాత బియ్యం? మూడొందల మంది పిలకాయలకి వండేదాన్ని, మా అమ్మ పేరున పెట్టిన కూడే ముద్దయిపొయ్యింది! పాస్టరుగారు తింటా తింటా నా మొహం చూసినాడు."

రామనారాయణ కుర్చీలోంచి లేవలేదు. "ఎసట్లో నీళ్ళెక్కువ పోసుంటావు మా."

"నాకు ఎసరు నేర్పిస్తావా నువ్వు?"

వెనక వరసలో నవ్వులు లేచాయి. రామనారాయణ మొహం ముడుచుకుంది.

"ఇది సెల్ఫ్ సర్వీసు. నేనేమన్నా తూచి నీ సంచిలో పోసినానా? నీ చేత్తో నువ్వే తీసుకున్నావు. చూసుకోని తీసుకోవాల."

"మూతి అంటించిన సంచిలో ఏం చూడాల? నోట్లో ఏసుకోనిచ్చినారా?"

"అమ్మిన సరుకు వాపసు తీసుకోము. బోర్డు ఉండాది, చదువుకో పో."

ఎస్తేరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తలుపు దగ్గర నిలబడ్డ తిరుపాలు అది చూశాడు. నలభై నాలుగేళ్ళ వీపును ఇంకో కొట్టువాడు పెట్టుకోడు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. అయినా కాళ్ళు కదిలాయి. బల్ల దగ్గరికి వెళ్ళి, బస్తాలు లాగే కొక్కెం మొనతో ఆమె తెచ్చిన సంచి ఒకదాన్ని బర్రున చీల్చాడు.

"ఒరే తిరుపాలూ, ఏందిరా ఆ పని?"

"నాలుగు గింజలు కొరికి చూడండయ్యా."

"నాకే చెప్తావంట్రా?"

"మీ నాయన కొరక్కుండా ఒక్క బస్తా దించుకోలా. పాతదైతే పటుక్కుమంటది గదా, కొరకండి. దించింది నేను. నా వీపుకు తెలుసు అది ఏం బియ్యమో."

"సావుకారికి పన్ను నొప్పేమో, పోనియ్యండి పాపం!" అని వరసలోంచి ఎవరో అన్నారు.

రామనారాయణ ఆ గింజలు ముట్టుకోలేదు. తిరుపాలే నోట్లో వేసుకున్నాడు. అందరికీ కనపడేటట్టు నిదానంగా నమిలి, నోరు తెరిచి, పళ్ళకంటుకున్న తెల్లటి జిగురు చూపించాడు. ఎస్తేరమ్మ చెయ్యి చాపింది. ఆమె వెనకామె చాపింది. కాసేపటికి వరస వరసంతా బియ్యం నములుతోంది.

ఆ రోజు రామనారాయణ ఎస్తేరమ్మ సంచులు వెనక్కి తీసుకోక తప్పలేదు. అంతమంది ముందు పోయిన పరువు నిలబెట్టుకోడానికి, రేపటినుంచి చూసుకోడానికి బియ్యం పళ్ళెంలో పెడతామని తనే ప్రకటించాడు.

ఆ పళ్ళెం తిరుపాలు చేతికొచ్చింది. రోజూ పొద్దున అలమర్లోంచి చేతికందిన సంచి ఒకటి కోసి పళ్ళెంలో పోసేవాడు. బాగుంటే బాగుందనేవాడు, లేకుంటే "ఇది కొత్తది, ఇంకో లారీ దిగినాక కొనండి" అనేవాడు. రామనారాయణ పళ్ళు నూరుకున్నాడు గానీ, గిరాకీ పెరగడంతో నోరెత్తలేదు. సంగం నుంచి, సోమశిల నుంచి కూడా బియ్యానికి ఇక్కడికే రాసాగారు. రానురాను జనం కొరకడం మానేశారు. "తిరుపాలన్నా, ఈరోజు ఎట్ట ఉండాది?" అని అతని మొహం చూసి సంచి ఎత్తుకుని పోయేవాళ్ళు. "కొరికి చూసుకోండి, నన్నెందుకడగడం?" అని కసురుకున్నా వినేవాళ్ళు కాదు.

శ్రావణమాసంలో ఒక పొద్దున రామనారాయణ అతన్ని వెనక గదిలోకి పిలిచాడు. ఎన్నడూ లేంది కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. మూలనున్న చిన్న గోనెసంచి చూపించాడు.

"ఇంకమీద పళ్ళేనికి దీంట్లోంచి పొయ్యి. అలమర్లో సంచులు కొయ్యబాక."

తిరుపాలు నాలుగు గింజలు తీసి కొరికాడు. పటుక్కుమంది. రెండేళ్ళ కిందటి బియ్యం. అలమర్లో ఉన్నదేమో నిన్న తను దించిన సరుకు, వీపుకు చల్లగా తగిలిన సరుకు.

"జనం నీ మొహం చూసి తీసుకుంటుండారు రా," అన్నాడు రామనారాయణ నవ్వుతూ. "నువ్వేం అబద్ధం చెప్పబల్లే. ఊరికే ఆడ నిలబడు, చాలు."

తిరుపాలు టీ ముట్టుకోలేదు. లేచి షాపులోకి వచ్చాడు. పళ్ళెంలో మిగిలిన గింజలు దులిపి, తుండుగుడ్డతో తుడిచి, బియ్యం సంచుల మీద దాన్ని బోర్లించాడు. కొక్కెం నడుముకు దోపుకున్నాడు.

"యాడికిరా? ఒరే, నిన్నే!"

అప్పుడే ఎస్తేరమ్మ లోపలికొస్తోంది. "తిరుపాలన్నా, ఈరోజు ఎట్ట ఉండాది?"

అతను ఆమె కళ్ళల్లోకి చూశాడు. పక్కనుంచి దాటిపోయాడు. ఎస్తేరమ్మ బోర్లించిన పళ్ళేన్ని చూసింది. చేతిలోని ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి తిరిగింది.

రోడ్డవతల ఉదయగిరి బస్సు కదలబోతోంది. తిరుపాలు వెనక మెట్టు పట్టుకుని ఎక్కేశాడు.