మస్తాన్ కేకలు

నంద్యాల మిల్లు ఫుట్‌బాల్ జట్టుకు పన్నెండేళ్లుగా ఇమ్మానుయేలే గోల్‌కీపర్. జీతమిచ్చేదే బంతి ఆపినందుకు. ఎనభై మూడులో అతని చూపు తగ్గింది. పొద్దు వాలితే బంతి మసకబారేది. తెలిస్తే తీసేస్తారని భార్య జీవమ్మకు కూడా చెప్పలేదు.

అయినా గోల్స్ పెద్దగా పడలేదు. అతని ముందు ఆడే బ్యాక్ మస్తాన్‌ నోరు ఊరుకునేది కాదు. "కుడి పక్కకు వస్తాంది!" "ఎత్తుగా కొడతాండాడు!" అని ఒకటే కేకలు. జనం నవ్వేవారు. ఇమ్మానుయేలు ఆ కేకను బట్టి దూకేవాడు.

రెండేళ్లకు ఆళ్లగడ్డలో ఫైనల్ వచ్చింది. ఆ రోజే మస్తాన్‌కు జలుబు చేసి గొంతు పూడిపోయింది. బస్సు దిగగానే ఇమ్మానుయేలు అతణ్ణి పక్కకు తీసుకెళ్లాడు.

"ఈ పొద్దు నేను ఆడలేనప్పా. సాయంత్రమైతే నాకు బంతి కనపడదు."

"తెలుసులేన్నా," అన్నాడు మస్తాన్ బొంగురుగా. "రెండేండ్లు ఊరికే అరిచేకి నేనేమన్నా పిచ్చోణ్ణా?"

"మరి అడగలేదేందీ?"

"నువ్వే చెప్తావని చూస్తాంటి. నా గొంతు పోయినాక చెప్తివి."

ఇద్దరూ మేనేజరు సంజీవయ్య దగ్గరికి వెళ్లారు. ఆయన అంతా విని, "అద్దాలు పెట్టించుకో. కొత్త కీపర్లకు నేర్పిచ్చు. నీ జీతం యాడికీ పోదు," అన్నాడు.

ఆ సాయంత్రం అతని బదులు జట్టులోని రెండో కీపర్ బుడేన్ గోల్‌లో నిలబడ్డాడు. ఇమ్మానుయేలు గీత బయట కూర్చున్నాడు. పొద్దు వాలుతున్నా భయం వేయకపోవడం రెండేళ్లలో అదే మొదటిసారి.