బాపు అడిగిన రెండో తొవ్వ

మా బెల్లంపల్లి రక్తదాతల జాబితా నేనే చూస్తాను. క్లౌడ్‌లో డేటాబేస్ అద్దెకు తీసుకొమ్మని మిత్రులు ఎంత చెప్పినా, ఇంట్లో సొంత సర్వరే ఉండాలని నా పంతం.

ఈ మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. బాలింతకు వెంటనే ఓ నెగెటివ్ రక్తం కావాలి. సరిగ్గా అప్పుడే సర్వర్ మొరాయించింది. బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసి రిటైరైన మా నాన్న, బాపు, తన పాత జోడీదారు కొడుకుది అదే గ్రూపని గుర్తుచేసుకుని అతన్ని పంపించాడు. ఆమె గట్టెక్కింది.

"బాయిల దిగినోనికి బయటికి రెండు తొవ్వలుండాలె బిడ్డా. నీ దానికి రెండోది ఏది?" అన్నాడు బాపు.

సాయంత్రం సర్వర్ లేవగానే జాబితాను క్లౌడ్‌లోకి మార్చి బాపుకు గర్వంగా చూపించాను.

"మంచిదే. గిది ఆగితే?"

మీరేమంటారో చెప్పండి. నేనైతే ప్రింటర్‌లో కాగితాలు నింపుతున్నాను.