దాటిపోయే పళ్లెం

రోజూ తెల్లారకముందే బేకరీ షట్టరు ఎత్తి, లైటు వేసి, పిండి తొట్టి ముందు నిలబడేది రొట్టెలమ్మ. ప్రార్థన మాత్రం మోచేతుల దాకా పిండి అంటుకున్నాకే. "పనిలో ఉన్న చేతులైతే ఆయన తొందరగా చూస్తాడు" అని నవ్వేది. ఆ ప్రార్థనలో మొదటి పేరు ఎప్పుడూ చిన్నోడిదే.

చిన్నోడంటే ఆమె ఒక్కగానొక్క కొడుకు. నలభైకి దగ్గరపడ్డాడు, బడిలో లెక్కలు చెబుతాడు. ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒకతనితో కలిసి కాపురముంటున్నాడు. అది ఎలాంటి కాపురమో తల్లికి తెలుసు. ఆమె గుచ్చి అడగలేదు, వాడూ దాచలేదు. ఆమె కంటికి ఆపరేషనయినప్పుడు పూటపూటా వచ్చి చుక్కలు వేసింది ఆ నర్సే.

సంగతి సంఘంలో పొక్కింది. చిన్నోడికి బల్ల ఇవ్వవచ్చా, అంటే ప్రభువు రొట్టె, గిన్నె అందుకోనివ్వవచ్చా అని శనివారాలు మందిరంలో కూర్చున్నారు.

"దేవుడు నాశనం చేసిన సొదొమ ఊరివాళ్ళు చేసింది, గడప తొక్కిన పరాయివాళ్ళ మీద బలవంతానికి దిగడం. పౌలు రోజుల్లో ఏం నడిచేదో చూడకుండా, ఆయన మాట తెచ్చి ఈ ఇద్దరి నెత్తిన పెడితే ఎలా?" అన్నారు పాస్టరుగారు.

సంఘ పెద్దల్లో తాళాలు బాగుచేసే ఆయన ఒకడు. తాళాలాయనంటారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అయ్యగారూ, రోమావాళ్ళకు పౌలు రాసిన పత్రికలో, మగవాడు మగవాణ్ణి కోరడం తప్పని సూటిగానే ఉంది. మనకు నొప్పి పుట్టిన చోటల్లా వాక్యాన్ని వంచుకుంటూ పోతే చివరికి చేతిలో ఏం మిగులుతుంది?" అన్నాడు. చిన్నోడికి సైకిలు నేర్పిందీ ఆయనే.

వెనక బెంచీలోంచి ఓ ముసలావిడ దెప్పింది. "అందరి తాళాలూ తీస్తావు, ఇదొక్కటే నీకు చేతకాలేదేమయ్యా!"

నవ్వారు. ఆయనా నవ్వాడు. చేతులెత్తమన్నప్పుడు మాత్రం ఎక్కువ చేతులు ఆయన వైపే లేచాయి. చిన్నోడు రావచ్చు, కూర్చోవచ్చు, పాడవచ్చు. బల్ల మాత్రం లేదు.

ఆ సంఘంలో రొట్టె ఎవరికి వారు తీసుకోరు. సంఘ పెద్ద బెంచీ మొదట్లో ఉన్నవాళ్ళకు తుంచిపెట్టి పళ్లెం అందిస్తాడు. అక్కణ్ణుంచి ఒకరు పక్కవారికి తుంచిపెడుతూ సాగనిస్తారు. ఆ రొట్టె కాల్చేదీ రొట్టెలమ్మే.

తీర్మానమైన మర్నాడే ఆదివారం. చిన్నోడు తల్లి పక్కనే కూర్చున్నాడు. పళ్లెం వచ్చింది. ఏళ్ళ తరబడి అలవాటు, ఆమె తుంచి వాడికిచ్చింది. వాడూ చెయ్యి చాచాడు. ముక్క చేతిలో పడ్డాక గాని ఇద్దరికీ గుర్తు రాలేదు. పాట ఆగలేదు గాని ముందు బెంచీల్లో మెడలు తిరిగాయి. వాడు ఆ ముక్కను తల్లి అరచేతిలో తిరిగి పెట్టి, ఆమె వేళ్ళు మూశాడు.

"నీదేనమ్మా. తినెయ్."

పై ఆదివారం వాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. రారా అని బతిమాలితే, "అక్కడ నీ చేతుల వంక చూడలేనమ్మా" అన్నాడు. పాస్టరుగారు ఎన్నిసార్లు వెళ్ళినా టీ ఇచ్చి, కుశలమడిగి, గుమ్మం దాకా వచ్చి సాగనంపేవాడు. అంతే. ఇంట్లో బైబిలు కూడా తెరవడం లేదని నర్సు చెప్పి బాధపడ్డాడు.

తాళాలాయన మాత్రం ఎప్పటిలాగే పొద్దున్నే వచ్చి, ఆమె నడుం నొప్పి ఎరిగినవాడు కనుక, పిండి మూట మెట్లెక్కించి వెళ్ళేవాడు. ఆమె ఎప్పటిలాగే వేడి రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చేది. కోపమన్నా వస్తే పోట్లాడుకుని తేల్చుకునేవాళ్ళేమో. అదీ రాలేదు.

ఓ శనివారం ఆయన మూట దించి చెమట తుడుచుకుంటుంటే, పిండిలోంచి చేతులు తీయకుండానే అడిగింది.

"తమ్ముడూ, రేపు మా బెంచీకి పళ్లెం తెచ్చేది నువ్వేగా?"

"నేనే అక్కా."

"నాకో సాయం చేసిపెట్టు. రొట్టె నేనే కాలుస్తాను, అందులో లోటు రానివ్వను. పళ్లెం మాత్రం నన్ను దాటించెయ్."

"అదేం మాటక్కా! నిన్నెవరు కాదన్నారు?"

"ఎవరూ అనలేదయ్యా. వాణ్ణి దాటించినట్టే నన్నూ దాటించు. వాడి పక్కన కూర్చోడానికి నాకింకో చోటు కనపడటం లేదు."