అతుకు పని

మా అపార్ట్‌మెంటు గేటుకు మొన్న రంగు వేశారు. పాలప్యాకెట్టు తెచ్చుకోవడానికి దిగినదాన్ని టర్పెంటైను వాసన తగిలి అక్కడే నిలబడిపోయాను. రంగు వేసే అతను నేనేదో తప్పు పట్టబోతున్నాననుకుని బ్రష్ ఆపాడు. ఏమీ లేదు బాబూ, కానివ్వు అన్నాను. అతనికేం తెలుసు, అది మా నాన్న చొక్కా వాసనని.

నాంపల్లి స్టేషను వెనక సందులో నాలుగు పోర్షన్ల ఇంట్లో ఒక గదీ ఒక వంటిల్లూ మావి. నాన్న ఆబిడ్స్‌లో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. సుద్ద పూసిన దారాన్ని రేకు మీద బిగించి టప్పున కొట్టి గీతలు తీసి, ఎడమచేతిలో కర్ర పట్టుకుని దానిమీద కుడి మణికట్టు ఆనించి, తెలుగూ ఇంగ్లీషూ ఒకవైపు నుంచీ, చదవడం రాని ఉర్దూ ఇంకోవైపు నుంచీ, కింద పెన్సిలుతో ఎవరో రాసిచ్చిన అక్షరాల మీదుగా అదురూబెదురూ లేకుండా లాగేసేవాడు. ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాలు చూపించడానికని బయల్దేరి, తీరా పుస్తకాలు వదిలేసి, తలెత్తి తను రాసిన బోర్డులే చూసుకుంటూ నడిచేవాడు. మెడ నొప్పి పుట్టేది నాకు. ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కెట్టు కొనిపెడితే ఆ నొప్పి పోయేది. వాడంతా పిల్లలు సైకిలు టైర్లు దొర్లిస్తుంటే నేనూ పక్కింటి పిల్లలూ రంగుడబ్బాల మూతలు దొర్లించేవాళ్ళం.

మావాళ్ళది నరసాపురం వైపు. అక్కడ ఆడవాళ్ళు కొక్కెపు సూదితో లేసు అల్లుతారు. మా ఊళ్ళల్లో అందులో ఒక పద్ధతి ఉండేది. దారంతో చిన్నచిన్న పువ్వులు అల్లే ఇళ్ళు వేరు, ఆ పువ్వుల్ని కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చేసే ఇళ్ళు వేరు. ఆ కలపడాన్ని అతుకు పని అంటారు. మా అమ్మ పుట్టింటివాళ్ళు పువ్వులవాళ్ళు. అమ్మ సినిమాకి వెళ్ళినా చేతిసంచిలో సూదీ దారపుండా ఉండాల్సిందే, చీకట్లో కూడా కళ్ళు తెరమీదే పెట్టి వేళ్ళతో ఒక పువ్వు పూర్తిచేసేది.

ఒక ఏడు దసరా ముందు, బోర్డుల పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో, నాన్న ఒక చీరల దుకాణం ముందు వెదురు నిచ్చెన మీంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. దవాఖానలో కట్టు కట్టారు. దీపావళి వెళ్ళాక కట్టు విప్పితే ఎముక అతుక్కుంది గానీ వేళ్ళు వంగలేదు. కదిలిస్తూ ఉండాలి, బద్ధకిస్తే అలాగే బిగుసుకుపోతాయి అని డాక్టరు గట్టిగానే చెప్పి రబ్బరు బంతి పిసకమన్నాడు. నాన్న ఇంటికొచ్చి బంతి ముట్టలేదు, బ్రష్ పట్టాడు. గీత పాములా మెలికలు తిరిగింది. బ్రష్షుని టర్పెంటైను డబ్బాలో పడేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంకో రెండు నెలల్లో నుమాయిష్. ఎగ్జిబిషను మైదానంలో స్టాళ్ళన్నిటికీ కొత్త బోర్డులు కావాలి, ఆ సీజనే మాకు ఏడాదంతా ఆధారం. అప్పటికి ఆ వేళ్ళు వంగకపోతే ఇక ఎప్పటికీ బోర్డులు రాయలేడన్నది నాకు కూడా అర్థమైంది.

ఆ రోజుల్లో మా గదిలో మాటలు తక్కువ. అమ్మ వంట అవగానే సూది పట్టుకునేది. పువ్వు తర్వాత పువ్వు అల్లి బిస్కెట్ల డబ్బాలో వేసేది, అది నిండితే బియ్యం డబ్బా మూతలో. నేను నాన్న మిగిల్చిన రంగులు తీసుకుని అట్టముక్కల మీద ఉత్తుత్తి దుకాణాలకు బోర్డులు రాసేదాన్ని. నా అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడేవి. నాన్న ఇటు తిరిగేవాడు కాదు.

పక్క పోర్షన్ యాదమ్మది. ఊళ్ళో వ్యవసాయం వదిలి పట్నం వచ్చినవాళ్ళు, వాళ్ళాయన గౌలిగూడ బస్టాండులో మూటలు మోసేవాడు. సద్దుల బతుకమ్మ నాడు ఆమె ఇచ్చిన సత్తుపిండి, మలీద ముద్దల రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది. ఒక మధ్యాహ్నం ఆమె వచ్చి డబ్బాలోకి తొంగిచూసింది.

"గిన్ని పూలు జేస్తివి అక్కా, పేర్చుడు ఎప్పుడు మరి? పూలు కుప్పవోస్తె బతుకమ్మ అయితదా?"

నాకు పువ్వే వచ్చు, అతకడం రాదంది అమ్మ. అయినా ఆ మాట పట్టినట్టుంది, మర్నాడు అతకడానికి కూర్చుంది. వరస పూర్తయ్యేసరికి గుడ్డ అంచులు పైకి లేచి మూకుడులా అయింది. విప్పింది, మళ్ళీ అతికింది, మళ్ళీ మూకుడే. బోర్డు వెంట్రుకవాసి వంకర ఉన్నా సహించని మనిషి మంచం మీంచి అది చూస్తున్నాడు. మూడో మూకుడు దాకా ఓర్చుకున్నాడు.

"అలా బిగించి లాగితే టోపీ అవుద్ది. ఇలా తే."

నాన్న వాళ్ళమ్మ అతుకు పని చేసేది. ఆమె మోకాలి దగ్గర కూర్చుని చిన్నప్పుడు నేర్చుకున్నాడట, మీసాలొచ్చాక మళ్ళీ ముట్టలేదట. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అమ్మకే చెప్పలేదు. మొదటిరోజు వంగని వేళ్ళలోంచి సూది జారి జారి పడింది, నొప్పికి పెదవి కొరుక్కున్నాడు. అయినా వదల్లేదు, ఎందుకంటే అమ్మ అతికితే వంకరగా ఉంటుంది. అమ్మ కావాలనే తప్పు చేసిందా అని పెద్దయ్యాక అడిగాను. నిజంగానే రాదే తల్లీ అని నవ్వింది.

తలుపు వేసుకుని చేసేవాడు. ఒకనాడు యాదమ్మ చెప్పాపెట్టకుండా లోపలికొస్తే గుడ్డ దిండు కింద కుక్కాడు.

"దాస్తవెందుకన్నా? మా ఇంట్ల తంగేడుపూలు తెచ్చేది మా ఆయననే, నా పక్కన కూసొని పేర్చేది గూడ ఆయననే. ఎవ్వరన్న నవ్విన్రా?" అని ఆమె మామూలుగా అనేసి, చింతపండు అప్పడిగి తీసుకెళ్ళింది. ఆ తర్వాత తలుపు ఓరగా ఉండేది.

చలి ముదిరిన ఒక సాయంత్రం నేను అట్ట మీద 'గాజుల దుకాణం' రాస్తున్నాను. వెనకనుంచి నాన్న చెయ్యి వచ్చి నా బ్రష్ తీసుకుంది. దకారానికి నేను మరిచిపోయిన కొమ్ము పెట్టింది. కొంచెం వణికింది గానీ కొమ్ము కొమ్ములాగే నిలబడింది. అమ్మ వంటింటి గడపలో నిలబడి చూసి, పొయ్యి దగ్గరికి వెళ్ళి ఏడ్చింది. ఆ ఏడు నుమాయిష్‌లో నాన్న రాసినవి చిన్న బోర్డులే, అందులో ఒకటి గాజుల స్టాలుది. మిరపకాయ బజ్జీ ఊదుకుంటూ దాని ముందు మేం ముగ్గురం చాలాసేపు నిలబడ్డాం.

ఆ తర్వాత చాలా ఏళ్ళు రాశాడు. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయింది, కొన్నాళ్ళకి మనిషీ పోయాడు. ఇప్పుడు మెట్రో దిగి ఆబిడ్స్ దాకా తలెత్తుకునే నడుస్తాను. ఎక్కడా ఆయన అక్షరం ఒక్కటి లేదు.

మొన్న పైకొచ్చి పాలు పొయ్యి మీద పెట్టి, బీరువాలోంచి నాన్న అతికిన ఆ బల్లగుడ్డ తీశాను. ఒక మూల అతుకులు వదులుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. వరస వరసకీ సర్దుకుంటూ వచ్చి, అవతలి అంచుకి చేరేసరికి దారం బిగించి కొట్టినట్టు సాపుగా ఉంటాయి. ఊరందరికీ కనపడేలా రాసినదంతా పోయింది. తలుపు వేసుకుని, దిండు కింద దాచుకుని చేసినదొక్కటే మిగిలింది.