తాడు చేతికి చుట్టకండి, మావయ్య గారూ

మా బావ గారు గల్ఫ్ వదిలేసి వచ్చినప్పుడు అందరిలా మేడ మీద మేడ వేయలేదు. గుర్రాన్ని కొన్నారు. అక్క కొన్నాళ్ళపాటు ఆయనకి అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.

అక్కడ ఆయన పనిచేసింది గుర్రాలశాలలోనే. రాజోలు దగ్గర మా ఊళ్ళో, కొబ్బరితోట చివర తాటాకు పాక వేసి ఆ గోధుమరంగు ఆడగుర్రాన్ని కట్టారు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఊరేగింపులకి అద్దెకి ఇచ్చేవారు. దాని సేవకి మేమే ఉండేవాళ్ళం. బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్ళే ముందు నేను, తెల్లారేసరికల్లా మా నాన్న, అప్పుడప్పుడు చర్చి యూత్ వాళ్ళు. జీతాలేమీ లేవు, అక్క ఇచ్చే కాఫీయే. ఇప్పుడా పాకలో కారు పెడుతున్నారు. నాన్నా లేరు, గుర్రమూ లేదు. ఉడికిన ఉలవల వాసన తగిలితే చాలు, ఆ ఉదయాల మీద నాకు బెంగ పుట్టుకొస్తుంది.

మొదటి రోజు మేమంతా చెప్పులు పాక బయట వరసగా విడిచి, వట్టి కాళ్ళతో లోపలికి వెళ్ళాం. మర్యాదస్తులం కదా.

"మీరొచ్చింది ప్రార్థనకి కాదండీ. ఆవిడ కాలు మీద కాలేసిందంటే వేళ్ళు మిగలవు. బూట్లేసుకు రండి," అన్నారు బావ గారు. గుర్రాన్ని ఆయన ఎప్పుడూ 'ఆవిడ' అనే అనేవారు.

తరవాత ఒక్కొక్కటే నేర్పారు. ఆవిడకి సరిగ్గా వెనకాల ఏముందో కనపడదు, కాబట్టి చప్పుడు చేయకుండా వెనక నుంచి వెళ్ళకూడదు. భుజం పక్క నుంచి, మాట్లాడుతూ దగ్గరికి రావాలి. బెల్లం ముక్క పెడితే అరచెయ్యి చాపి పెట్టాలి, వేళ్ళు ముడిచామా, అవీ బెల్లమే అనుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం తాడు. దాన్ని మడతలు పెట్టి మడతల మధ్యలో పట్టుకోవాలి తప్ప చేతికి చుట్టుకోకూడదు.

నాన్నతో చిక్కు వచ్చింది ఇక్కడే. ఆయన చిన్నప్పుడు పాలేరు, పరాయివాళ్ళ గేదెల్ని తోలుతూ పెరిగారు. తాడు చేతికి రాగానే పిడికిలికి రెండు చుట్లు పడిపోయేవి, ఆయనకి తెలియకుండానే. గేదె లాగితే నెమ్మదిగా లాగుతుంది, మనమూ కాస్త లాగచ్చు. గుర్రం రెప్పపాటులో ఎగురుతుంది. గల్ఫ్‌లో తన పక్కన పనిచేసే అతని బొటనవేలు అలాగే తాడుతో పాటు పోవడం బావ గారు కళ్ళారా చూశారు.

"చుట్టకండి మావయ్య గారూ."

"ఆయ్, అలాగేనండి అల్లుడు గారూ," అంటూనే నాన్న మళ్ళీ చుట్టేవారు. మామగారిని కసరలేక బావ గారు వెళ్ళి గుర్రం జూలు దువ్వుకునేవారు.

ఈస్టరుకి ముందు ఆదివారం అందరూ ఈత మట్టలు ఊపుతూ ఊరేగుతారు, ఆ ఏడు మట్టల ఆదివారం ఊరేగింపులో అందరికన్నా ముందు గుర్రం నడవాలని పాస్టరు గారు అడిగారు. నాన్న కోరిక వేరు. ఊరేగింపయ్యాక ఒక్కసారి గుర్రమెక్కి పెద్దవీధి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళాలని. ఎందుకని ఆయన చెప్పలేదు, అమ్మ చెప్పింది. వాళ్ళ పెళ్ళికి మా పెదతాత ఎక్కడి నుంచో గుర్రం తెచ్చాడట. పెద్దవీధి మొదట్లో పెద్దమనుషులు ఆపి, మా పేట వాళ్ళు ఈ వీధిలో గుర్రమెక్కి పోవడానికి లేదు, దిగమన్నారట. నాన్న దిగి, కొత్త పంచె కొస ఎత్తి పట్టుకుని, తలదించుకుని నడిచారట.

బావ గారికి ఇది తెలియంది కాదు. అయినా పట్టుకోవడం వచ్చాకే ఎక్కడం అనేశారు. ఒకరోజు పరీక్ష పెట్టారు. నాన్న తాడు పట్టుకుంటే, కాస్త దూరంలో నేను ఈత మట్టలు ఆడించాలి. నేను మట్ట ఎత్తగానే నాన్న పిడికిలికి చుట్లు పడిపోయాయి.

"ఈ ఏటికి వద్దండీ మావయ్య గారూ," అన్నారు బావ గారు, తాడు విప్పి తీసుకుంటూ. నాన్న వెళ్ళి గట్టు మీద కూర్చుని తన చెయ్యి చూసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ముసలాయన ముచ్చట. తాడేదో మీరే పట్టుకుని ఎక్కిస్తే పోయేదేముంది బావ గారూ?"

"నేను కింద ఉంటాను, సరేనండి. పైన కళ్ళెం ఆయన చేతిలోనే కదండీ. దాన్నీ చుట్టేస్తారు. ఆవిడ బెదిరి ఆయన పడితే చెయ్యి అందులోనే ఉండిపోద్ది. ఈడ్చుకుపోద్దండి. అప్పుడు మీ అక్క మొహం నేనెలా చూడను?"

చేతిలో ఉన్న ఈత మట్ట అక్కడే పడేసి ఇంటికి నడిచాను. 

ఆ రోజు నుంచి మా ఇంట్లో కొత్త పని మొదలైంది. నాన్న అరుగు మీద తాడు మడతలు పెట్టుకుని కూర్చునేవారు. అమ్మ వంటింట్లోంచి వస్తూ పోతూ, చెప్పా పెట్టకుండా రెండో కొస గుంజేది. మొదట్లో ఆయన చెయ్యి కూడా తాడుతో పాటు పోయేది. "వదలండి, వదలండి," అని అమ్మ నవ్వేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ అలా ఆడుకోగా నేనెప్పుడూ చూడలేదు. చివరికి బావ గారు వచ్చి తానే నాలుగైదుసార్లు గుంజి చూసి, ఊరేగింపులో నడిపించమని నాన్నకే అప్పగించారు. ఎక్కే సంగతి మాత్రం ఎత్తలేదు.

ఆదివారం పొద్దున్న మలుపు దగ్గర పిల్లలందరూ ఒక్కసారి మట్టలు ఊపారు, మైకు కీచుమంది. గుర్రం తల విదిలించి వెనక్కి గెంతింది. నేను నాన్న మొహం చూడలేదు, చేతినే చూశాను. పిడికిలి తెరుచుకుంది. మడతలు ఒక్కొక్కటిగా జారిపోయి, తాడు కొస మాత్రం ఆయన దగ్గర మిగిలింది. "ఏం లేదమ్మా, ఏం లేదు," అంటూ ఆయన పక్కకి జరిగి నిలబడ్డారు. గుర్రం రెండుమూడుసార్లు చీది, శాంతించింది.

ఆరాధన అయ్యాక బావ గారు నాన్న అరచెయ్యి తిప్పి చూశారు. ఎర్రటి గీత తప్ప ఏమీ లేదు.

"ఎక్కండి మావయ్య గారూ."

పెద్దవీధిలో ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఇళ్ళ పిల్లల్లో సగం మందికి నేనే చదువు చెప్పాను, వాళ్ళు గేట్ల దగ్గరికొచ్చి ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. నాన్న ఎటూ చూడలేదు. నడుం నిటారుగా పెట్టి, కళ్ళెం మడతల్లో పట్టుకుని కూర్చున్నారు. తాడు పట్టుకుని బావ గారు, పక్కన గుర్రం భుజానికి కాస్త ఎడంగా అమ్మా నేనూ నడిచాం. కొంచెం సేపటికే వీధి చివర వచ్చేసింది. నాన్న వెనక్కి తిరిగి, వచ్చిన దారి వంక చూశారు.

"ఇంతేనా అండీ, ఈ వీధి?"

బావ గారు గుర్రాన్ని నెమ్మదిగా వెనక్కి తిప్పి, మళ్ళీ ఆ చివరిదాకా నడిపించారు.